లేహ్‌లో ఒక్క రోజులో ఎన్ని గోంపాలు చూడొచ్చు, గైడ్ అవసరమా?

మీరు అడిగింది ఇదీ అనుకుంటున్నా: లేహ్‌లో ఐదు రోజులు ఉంటున్నారు, అరవై దాటిన అమ్మానాన్న కూడా వస్తున్నారు, అందులో ఒక రోజు సింధు లోయలో పాత గోంపాలకి, అంటే బౌద్ధ మొనాస్టరీలకి పెట్టుకున్నారు. ట్రావెల్స్ వాళ్ళేమో ఒకే రోజులో ఆరు చూపిస్తాం అంటున్నారు, గైడ్ కావాలంటే డబ్బులు వేరేనట. డ్రైవర్ ఎలాగూ ఉంటాడు కదా, గైడ్ దండగేమో, పైగా అన్నీ ఒకేలా ఉంటాయంట కదా అని మీ డౌటు.

ఆరు వద్దండి, మూడు చాలు. గైడ్‌ని మాత్రం పెట్టుకోండి, అక్కడ పిసినారితనం వద్దు. థిక్సే, హెమిస్, షే, ఈ వరసలోనే. పొద్దున ప్రార్థన టైముకి థిక్సేలో ఉండాలి, మధ్యాహ్నానికి హెమిస్ అయిపోవాలి, తిరిగొచ్చేటప్పుడు షే. ఫ్లైట్ దిగిన మూడో రోజుకి ముందు ఈ ట్రిప్ పెట్టుకోకండి. తొందర్లో ఉంటే ఇంతవరకు చదివి ఆపేయొచ్చు, ఎందుకలాగో కావాలంటే కింద రాస్తున్నా.

నేను సీజన్‌లో మనవాళ్ళ గ్రూపుల్ని లద్దాఖ్ తీసుకెళ్తుంటాను, అందులో పెద్దవాళ్ళే ఎక్కువ. అన్నీ ఒకేలా ఉంటాయి అనే మాట నేను ప్రతిసారీ వింటాను, అది అబద్ధమేం కాదు. చెప్పేవాళ్ళు లేకపోతే ఒకేలాగే ఉంటాయి. చీకటిగా ఉన్న హాలు, వరసగా పరుపులు, ఎదురుగా విగ్రహాలు, వెన్న దీపాల వాసన, గోడలనిండా బొమ్మలు. రెండోదానికి మళ్ళీ అదే, మూడోదానికి ఫోటో తీసుకుని బయటికొచ్చేస్తారు, నాలుగోదానికి "మీరు వెళ్ళి రండి, మేం బండిలో కూర్చుంటాం" అంటారు. మన సంగతి తెలియని విదేశీయుడికి శివాలయమూ విష్ణ్వాలయమూ ఒకేలా కనపడతాయి చూడండి, ఇదీ అంతే. ఓసారి ఒక కుటుంబం ఇలాగే ఆరు గోంపాల ప్యాకేజీ ముగించుకుని వచ్చి మా హోటల్లోనే దిగింది, రాత్రి భోజనాల దగ్గర పెద్ద బుద్ధుడు ఉన్నది ఏ ఊళ్ళో అని వాళ్ళలో వాళ్ళకే గొడవ, ఫోనులో ఫోటోలు వెనక్కి జరుపుతూ వెతుక్కుంటున్నారు. చెప్పేవాళ్ళు లేకుండా ఒకే రోజులో షే విగ్రహం, థిక్సే విగ్రహం రెండూ చూస్తే కలిసిపోక ఏమవుతాయి చెప్పండి.

నిజానికి తేడాలు చాలా ఉన్నాయి. థిక్సే గెలుగ్ సంప్రదాయం, అంటే దలైలామా వాళ్ళది, పసుపు టోపీలు. హెమిస్ ద్రుక్‌పా, ఎర్ర టోపీలు, భూటాన్‌లో రాజ్యమతం అయిన శాఖ ఇదే. ఫ్యాంగ్, లామయూరు గోంపాలు ద్రికుంగ్ అనే ఇంకో శాఖవి. మాథో ఒక్కటే లద్దాఖ్‌లో శాక్య శాఖది. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, కానీ గురువుల పటాల్లో ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరి టోపీ ఏ రంగు అని గైడ్ ఒక్కసారి చూపించాడంటే రెండో గోంపాలో మీ నాన్నగారే కనిపెట్టేస్తారు, ఆ సరదా వేరు.

గోడ చదివించుకోవడానికే గైడ్. లోపలికి వెళ్ళేముందు వరండాలోనే ఆగండి. ప్రార్థన హాలుని దుఖాంగ్ అంటారు, దాని తలుపుకి అటూ ఇటూ నలుగురు దిక్పాలకులు ఉంటారు. తెల్లగా ఉండి వీణలాంటిది వాయించేవాడు తూర్పు, కత్తి పట్టుకున్న నీలం ఆయన దక్షిణం, ఎర్రగా ఉన్నాయన పడమర, పసుపు రంగాయన ఉత్తరం, ఆయన చేతిలో ముంగిస ఉంటుంది, దాని నోట్లోంచి రత్నాలు రాలుతుంటాయి. ఆయన వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. ఈ ముక్క చెప్పగానే మన పెద్దవాళ్ళ మొహాలు వెలుగుతాయి చూడాలి. పక్కనే ఇంకో గోడ మీద యముడు పళ్ళతోనూ గోళ్ళతోనూ ఒక పెద్ద చక్రాన్ని పట్టుకుని ఉంటాడు, నడిమధ్యన కోడి, పాము, పంది ఒకదాని తోక ఒకటి కరుచుకుని తిరుగుతుంటాయి, అంటే ఆశ, ద్వేషం, అజ్ఞానం. చుట్టూ ఆరు లోకాలు, బయటి అంచున పన్నెండు బొమ్మలు, మొదటిది కర్ర పట్టుకున్న గుడ్డివాడు. మంచి గైడ్ దొరికితే ఈ ఒక్క చక్రం దగ్గరే అరగంట గడుస్తుంది, మా గ్రూపులో ఒక రిటైర్డ్ మాస్టారు హెమిస్ చూడకపోయినా పర్లేదు ఇది పూర్తిగా చెప్పించండి అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. డ్రైవర్ ఇది చెప్పలేడు, చెప్పాలని ఆశించడం కూడా తప్పే, పొద్దున్నుంచి ఆ కొండదారుల్లో బండి నడపడమే అతని పని.

ఇంకో కారణం తాళాలు. చాలా గోంపాల్లో కొన్ని గదులు మూసే ఉంటాయి, తాళం ఒక లామా దగ్గర ఉంటుంది, ఆయన భోజనానికో పొలానికో వెళ్ళి ఉంటారు. లోకల్ గైడ్ అయితే ఎవర్ని పిలవాలో తెలుసు, లద్దాఖీలో రెండు ముక్కలు మాట్లాడి తెరిపిస్తాడు. మనం వెళ్ళి తలుపు లాగి చూసి ఏమీ లేదనుకుని వచ్చేస్తాం.

గైడ్ ఎలాంటివాడో తెలుసుకోవడానికి నాదో చిట్కా. ఏసుక్రీస్తు హెమిస్‌కి వచ్చాడంట కదా అని అడగండి. 19వ శతాబ్దం చివర్లో నోటోవిచ్ అనే రష్యన్ ఆయన హెమిస్‌లో అలాంటి రాతప్రతి చూశానని ప్రచారం చేశాడు, పండితులు అప్పుడే కొట్టిపారేశారు. అవును సార్ ఇక్కడే చదువుకున్నాడు అని హుషారుగా అల్లుకుపోయాడంటే మిగతా కథల్ని కూడా కాస్త తగ్గించుకుని వినండి. నవ్వేసి అసలు విషయం చెప్పాడంటే మనిషి గట్టివాడే. గైడ్‌ని టూరిజం వాళ్ళ లైసెన్స్ ఉన్నవాడినే అడగండి, తెలుగు వచ్చినవాళ్ళు దొరకరు, హిందీ లేదా ఇంగ్లీష్. మీ అమ్మగారికి హిందీ రాకపోతే మీరు పక్కనుండి తెలుగులో చెప్పాల్సిందే, అందుకు కూడా మూడే చాలు అంటున్నా, రోజంతా అనువాదం చేయడం అంటే మాటలు కాదు.

సరే, రోజు ఎలా గడుస్తుందో చెప్తా.

థిక్సే లేహ్ నుంచి 19 కిలోమీటర్లు. ఆరు ఆరున్నర ప్రాంతంలో ప్రార్థన మొదలవుతుంది, సీజన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందురోజే గైడ్‌ని కనుక్కోమనండి. పైకప్పు మీద నిలబడి శంఖాలు ఊదుతారు, కింద లోయంతా ఇంకా నీడలోనే ఉంటుంది, సింధు వెంబడి పచ్చటి పొలాలు, అవతల మంచు కొండల మీద మాత్రం ఎండ. ఆ తర్వాత హాల్లోకి. గోడ వెంబడి సందర్శకులకి చోటు ఉంటుంది, అక్కడే కూర్చోవాలి, ఖాళీగా ఉంది కదా అని లామాల పరుపుల మీద కూర్చోకూడదు. పదేళ్ళ పిల్లలు కూడా ఉంటారు ఎర్రబట్టల్లో, ఒకడు మంత్రం చదువుతూ నిద్రలోకి జారుకుంటుంటాడు, ఇంకోడు తనకంటే బరువైన కెటిల్ మోసుకుంటూ అందరికీ వెన్న టీ పోస్తుంటాడు. మనక్కూడా పోస్తారు. ఉప్పగా ఉంటుందండి, టీ అనుకుని తాగితే మొహం మారిపోతుంది, చారు అనుకుని తాగితే లోపలికి పోతుంది. మా గ్రూపులో ఒకావిడ ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు చాపితే ఆ పిల్లాడు అంచుదాకా నింపేశాడు, ఆవిడ వదిలేస్తే తప్పేమోనని కళ్ళు మూసుకుని మొత్తం తాగేశారు. అంత అవసరం లేదు, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టొచ్చు, ఎవరూ ఏమనుకోరు.

ఒక విషయం గైడ్లు అడిగితేగానీ చెప్పరు. థిక్సే గోంపా 15వ శతాబ్దం నాటిది, కానీ అందరూ ఫోటో తీసుకునే ఆ పెద్ద మైత్రేయ బుద్ధుడి (రాబోయే బుద్ధుడు అంటారు) విగ్రహం పాతది కాదు. 1970లో దలైలామా వచ్చిన సందర్భంగా మొదలుపెట్టి కట్టిన విగ్రహం, సుమారు 15 మీటర్లు, రెండంతస్తుల ఎత్తు. మనం పై అంతస్తులోంచి లోపలికి వెళ్తాం కాబట్టి తిన్నగా మొహం ముందుకే చేరతాం, మిగతా శరీరం కింది అంతస్తులో ఉంటుంది. మామూలుగా మైత్రేయుడు పీఠం మీద కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుంటాడు, ఇక్కడ పద్మాసనంలో ఉంటాడు. కొత్తది కదా అని తీసిపారేయకండి, ఆ మొహం ముందు నిలబడితే ఎవరికైనా మాట తగ్గుతుంది. కానీ మెట్లు. బండి చాలావరకు పైకి వెళ్తుంది, ఆ తర్వాత కూడా మెట్లు బాగానే ఉన్నాయి, ఆ ఎత్తులో పది మెట్లు ఎక్కితే ముప్పై ఎక్కినట్టు ఆయాసం వస్తుంది. మోకాళ్ళ నొప్పులుంటే ప్రార్థన హాలు, మైత్రేయ గుడి చూసి ఆపేయమనండి, టెర్రస్ మీదికి మీరు వెళ్ళండి.

అక్కడి నుంచి కారు మీదుగా హెమిస్. కారు అంటే బండి కాదు, ఊరి పేరు, మిలిటరీ వాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. టిఫిన్, భోజనం ఏదైనా అక్కడే కానిచ్చేయండి. హెమిస్ లేహ్ నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సింధు దాటి ఒక పక్క లోయలోకి తిరగాలి, చివరి మలుపుదాకా గోంపా కనపడదు. థిక్సే ఏమో కొండ నెత్తిన కూర్చుని పదిమైళ్ళ నుంచి చూడు చూడు అంటుంటుంది, ఇదేమో దాక్కుని ఉంటుంది, రెండూ ఒకే రోజు చూడమనేది అందుకే కూడా. 17వ శతాబ్దంలో సెంగె నమ్‌గ్యాల్ రాజు అండతో స్తగ్‌త్సంగ్ రస్పా అనే లామా కట్టించినది. మధ్యలో పెద్ద రాతి ప్రాంగణం, జూన్ జూలైలో పద్మసంభవుడి జయంతికి ముసుగు నాట్యాలు జరిగేది ఇక్కడే. పన్నెండేళ్ళకోసారి పెద్ద పట్టు తాంఖా, అంటే దేవతల బొమ్మలున్న వేలాడే పటం, విప్పుతారు, 2016లో విప్పారు, మళ్ళీ 2028లో. మ్యూజియం తప్పకుండా చూడండి, ఫోనులూ బ్యాగులూ బయట లాకర్లో పెట్టాలి, పెద్దవాళ్ళ మందులు మాత్రం జేబులో ఉంచుకోమనండి.

తిరుగుదారిలో షే. ఒకప్పుడు లద్దాఖ్ రాజుల రాజధాని. 1655లో దెల్దన్ నమ్‌గ్యాల్ తండ్రి సెంగె నమ్‌గ్యాల్ పేరిట కట్టించిన ప్యాలెస్, గుడి ఇక్కడ ఉన్నాయి, రాగి రేకుల మీద బంగారు పూత పూసిన శాక్యముని (అంటే మన గౌతమ బుద్ధుడే) విగ్రహం 12 మీటర్ల ఎత్తు. థిక్సేలో వెలుతురు ఎక్కువ, ఇక్కడ దీపాల మసి పట్టిన గోడలు, కళ్ళు అలవాటు పడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు నిలబడండి, వెంటనే బయటికి రావద్దు. కింద రోడ్డు పక్కనే బండరాయి మీద చెక్కిన ఐదుగురు బుద్ధులున్నారు, బండ్లన్నీ సర్రున పోతుంటాయి గానీ అవే అక్కడ పాతవి, గైడ్‌ని ఆపమని అడగండి. ఓపికుంటే హెమిస్‌కీ థిక్సేకీ మధ్యలో స్తక్నా గోంపా ఉంది, నది పక్కన చిన్న గుట్ట మీద, భూటాన్ లామా కట్టించినది, దూరం నుంచి ఫోటోకి చాలా బాగుంటుంది. ఓపిక లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి, ఇందులో నేను రాజీ పడను. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, అంటే 11,500 అడుగులు, శంషాబాద్‌లో పొద్దున ఫ్లైట్ ఎక్కి ఢిల్లీలో మారి మధ్యాహ్నానికి అక్కడ దిగుతారు, ఒంటికి తెలియదు పాపం ఏం జరిగిందో. మొదటి రోజు పడుకోవడమే. రెండో రోజు బజారులో మెల్లగా తిరగడం. మూడో రోజు ఈ ట్రిప్. ఆ పొద్దున ఎవరికైనా తలనొప్పి, వికారం, నడకలో తూలు ఉంటే ట్రిప్ క్యాన్సిల్, టికెట్ కొన్నాం కదా అని లాక్కుపోవద్దు. తలనొప్పి తగ్గకపోతే లేహ్‌లో సోనమ్ నోర్బూ హాస్పిటల్ ఉంది, వెంటనే చూపించండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అనేది బీపీ, షుగర్, కిడ్నీ సంగతులు తెలిసిన మీ డాక్టర్‌ని ఇక్కడే అడిగి వెళ్ళండి, నన్నడగొద్దు, వాట్సాప్‌ని అసలే అడగొద్దు.

మెట్లు అసలు కుదరవంటే ఆల్చి వెళ్ళండి. ఇది నా రెండో సలహా, నిజం చెప్పాలంటే నా సొంత ఇష్టం ఇదే. లేహ్‌కి పడమర శ్రీనగర్ రోడ్డులో 65, 70 కిలోమీటర్లు, దారిలో నిమ్మూ దగ్గర జంస్కార్ నది వచ్చి సింధులో కలుస్తుంది, రెండు రంగులూ కలవకుండా కొంతదూరం పక్కపక్కనే పోతాయి. ఆల్చి కొండ మీద కాదు, ఊళ్ళో చదునుగా ఉంటుంది, పైగా లేహ్ కంటే తక్కువ ఎత్తు, ఊపిరి కాస్త సులువు. 11, 12 శతాబ్దాల నాటి గుళ్ళు, కాశ్మీర్ శైలి బొమ్మలు, ఆ శైలి బౌద్ధ చిత్రాలు కాశ్మీర్లోనే ఇప్పుడు మిగల్లేదు. సుమ్‌త్సెక్ అనే మూడంతస్తుల చిన్న గుడిలో ముగ్గురు బోధిసత్వుల పెద్ద మట్టి విగ్రహాలు నిలబడి ఉన్నాయి, తలలు పై అంతస్తులోకి వెళ్ళిపోతాయి కాబట్టి ముందు కనపడేవి ధోవతులే. ఆ ధోవతుల్నే చూడండి. అవలోకితేశ్వరుడి ధోవతి మీద కాశ్మీర్ గుళ్ళూ మేడలూ, మైత్రేయుడి ధోవతి మీద బుద్ధుడి జీవితం, మంజుశ్రీ ధోవతి మీద ఎనభై నాలుగు మంది సిద్ధులు, ఒక్కొక్కరు అరచేతంత ఉండరు. ఆ సిద్ధుల్లో నాగార్జునుడు కూడా ఒకడు, మన కృష్ణా తీరం ఆయనది అని చెప్పుకుంటాం కదా. లోపల ఫోటోలు నిషేధం, ఫ్లాష్ వల్ల రంగులు పోతాయి, దయచేసి దొంగచాటుగా కూడా తీయకండి. ఆల్చితో పాటు లికిర్, బస్గో కలిపితే రోజు సరిపోతుంది. లామయూరు కూడా అదే రోజు అంటే రానుపోను 250 కిలోమీటర్లు, పెద్దవాళ్ళతో వద్దే వద్దు.

మాటల్లో మాట, అమరావతి పేరు అక్కడ చెప్పి చూడండి. బుద్ధుడు కాలచక్రం అనే తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలో అని వాళ్ళ సంప్రదాయం, అంటే మన అమరావతే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర చేశారు, 2014లో లేహ్‌లో చేశారు. మా గ్రూపులో గుంటూరు వాళ్ళని తెలుసుకుని ఒక ముసలి లామా అమరావతి వచ్చాను, ఎండ ఎక్కువ, మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి అని హిందీలో చెప్పి, మేం అడక్కుండానే లోపలి గది తెరిచారు.

పద్ధతులు పెద్దగా ఏం లేవు, మన గుడికి వెళ్ళినట్టే. చెప్పులు, టోపీ తీసేయాలి, మణి గోడలకీ (మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన గోడలు) స్తూపాలకీ ప్రదక్షిణ చేసినట్టే కుడివైపు ఉంచుకుని నడవాలి, విగ్రహాల వైపు కాళ్ళు చాపకూడదు. గోన్‌ఖాంగ్ అని రక్షక దేవతల గది ఉంటుంది, మొహాలకి గుడ్డ కప్పి ఉంటుంది, ఏడాదికోసారే తీస్తారు, ఎత్తి చూడాలనే సరదా వద్దు. స్పితుక్ గోంపాలో అలాంటి దేవతనే మనవాళ్ళు కాళీమాత అంటారు. దక్షిణ పెట్టాలనిపిస్తే హుండీలో వేయండి, పిల్ల లామాలకి చాక్లెట్లూ నోట్లూ ఇవ్వకండి.

బండి విషయానికొస్తే లేహ్‌లో ట్యాక్సీ యూనియన్ రేట్లు రూటు ప్రకారం ముందే ఫిక్స్, బేరం ఉండదు, బయట నుంచి అద్దెకి తెచ్చిన బండిని లోకల్ సైట్‌సీయింగ్‌కి తిరగనివ్వరు. రేటు ఏయే చోట్లకి, ఎన్ని గంటలకి అని రాయించుకోండి, థిక్సేకి పొద్దున్నే వెళ్ళాలని కూడా అప్పుడే చెప్పేయండి, లేకపోతే తొమ్మిదింటికి వస్తాడు. ఈ రెండు రూట్లకీ పర్మిట్ అక్కర్లేదు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి చర్మం కాల్చేస్తుంది, పెద్దవాళ్ళకి టోపీ, కళ్ళద్దాలు మర్చిపోవద్దు.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. హెమిస్ పండుగ రోజుల్లో పడితే ఈ ప్లాన్ మొత్తం మారుతుంది, ఆ రోజు జనంలో మూడు గోంపాలు అనే మాటే లేదు, హెమిస్ ఒక్కటే. తేదీలు, అమ్మానాన్నల మోకాళ్ళ సంగతి రాయండి, చూసి చెప్తాను.